భోజన విరామంలో ఫోటోలు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగంలో చేరాక ఫోటోలు తీయడానికి తీరిక దొరకడం లేదని రాశావు. తీరిక కోసం ఎదురుచూడకమ్మా. విజయనగరంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. నా మంచి ఫోటోలన్నీ భోజనం ముగించి మళ్లీ కుర్చీలో కూర్చునేలోగా దొరికిన ఇరవై నిమిషాల్లో తీసినవే.

ముందు ఒక దారి ఎంచుకో. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల కూడలి వరకు వెళ్లి, వెనక్కి వస్తే చాలు. ఆరు నెలలు దాన్ని మార్చకు. ఏది కొత్తగా వచ్చిందో, ఏది కనిపించకుండా పోయిందో రోజూ నడిచే దారిలోనే కంటికి తెలుస్తుంది. 1885 నాటి గంటస్తంభానికి ఫోటోల కొరత లేదు. దాని నీడన బండి ఆపుకుని పళ్లు అమ్మే మనిషికి ఒక్కటి కూడా ఉండకపోవచ్చు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మూడు లాంతర్ల స్తంభం పక్కనుంచే అన్నేళ్లూ ఆఫీసుకు వెళ్లాను. 2020 మే నెలలో దాన్ని తొలగించారని తెలిసిన రాత్రి ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ వెదికాను. పండుగ ఫోటో ఒకదానిలో జనం తలల వెనుక, ఓ మూలన సగం కనిపించింది. దాని కోసమే తీసిన ఫోటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటుంది, కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. ఆ వేళ మనుషులను అరుగుల మీద, దుకాణాల గుమ్మాల్లో తీయి. నీలం టార్పాలిన్ కింద ముఖాలు నీలంగా వస్తాయి కాబట్టి, బయటి వెలుగు పడే అంచు దగ్గర ఉన్నవాళ్లనే తీయి.

పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర పూలు కట్టేవాళ్ల చేతులు చూడు. తడిపిన అరటినార మీద మొగ్గలను ఎదురెదురుగా పెట్టి, నారను చుట్టూ తిప్పి, బొటనవేలితో నొక్కి బిగిస్తారు. వేళ్లు ఒక్క క్షణం ఆగేది ఆ బిగింపు దగ్గరే. నాలుగైదు ముళ్లు చూశావంటే ఆ లయ నీకు అందుతుంది. అప్పుడు తీయి. ముందుగా “తీయనా అమ్మా?” అని అడుగు. వద్దంటే నవ్వి ముందుకు సాగు. సరేనంటే వారంలోపు ఒక ప్రింటు తీసుకెళ్లి చేతికివ్వు. అరువు తీసుకున్నది తిరిగి ఇవ్వడం లాంటిదే అది.

టీ కొట్టు ఆవిరికి సాయంత్రం మంచిది. సూర్యుడు ఆవిరికి అవతల ఉండాలి, దాని వెనుక మసిబారిన గోడో చీకటి గదో కనిపించాలి. ఎండ నీ వీపు మీద పడుతుంటే ఆవిరి దాదాపు కనిపించదు. నవంబరు, డిసెంబరు నెలల్లో మనవైపు అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది కనుక అప్పుడు ఉదయమే పది నిమిషాలు ముందుగా బయలుదేరు.

జేబులోంచి తీసిన ఫోను కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడువు. దూరంగా ఉన్నదాన్ని వేళ్లతో పెద్దది చేయకు, నువ్వే నాలుగడుగులు దగ్గరికి వెళ్లు. నా కాలంలో రీలుకు 36 ఫోటోలే వచ్చేవి, దాన్ని రెండు నెలలు సరిపెట్టుకునేవాణ్ణి. నీకు ఆ కట్టడి లేదు కాబట్టి రోజుకు మూడేనని నువ్వే పెట్టుకో. రాత్రి వాటి తేదీ, చోటు, ఆ మనిషి చెప్పిన మాట ఒక పుస్తకంలో రాసుకో. నా పెట్టెల్లో ఎవరో ఎక్కడో తెలియని ముఖాలు ఎన్నో ఉన్నాయి.

దసరా తరువాత పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఊరంతా సిరిమానునే, అంటే పూజారి కూర్చుని ఊరేగే ఆ పొడవాటి మానునే తీస్తుంది. నువ్వు ముందురోజు, తొలేళ్ల నాడు, భోజన విరామంలో ఆ దారిన వెళ్లు. దుకాణాలు సర్దుకునేవాళ్లు, పిల్లలను భుజానికెత్తుకుని పల్లెల నుంచి వచ్చేవాళ్లు కనిపిస్తారు. ఆ రోజు తీసిన మూడూ నాకు పంపు. వెనుక వివరాలు రాసి పంపు.

మీ మావయ్య