పన్నెండు నెలలూ పనుండాలంటే: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. "ఇప్పుడు ఏ కోర్సుకు డిమాండ్ ఉంది మామా?" అని అడిగావు. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా దానికి జవాబు రాసి ఉంటుంది. కొన్నాళ్లకు ఆ గోడ మీద కోర్సు పేరు మారిపోతుంది కూడా. నువ్వు వేరే రెండు ప్రశ్నలు అడుగు. ఈ పని ఎన్నాళ్లకోసారి మళ్లీ వస్తుంది? ఒక్క విడత ఆపితే ఎవరు నష్టపోతారు?

డయాలసిస్ సంగతి చూడు. కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషి మామూలుగా వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండాలి. సోమ, బుధ, శుక్రవారాలు కొందరు, మంగళ, గురు, శనివారాలు మరికొందరు. దసరా అయినా, గణేశ్ నిమజ్జనానికి సగం రోడ్లు మూసేసినా ఆ బెడ్డు ఖాళీగా ఉండదు. ఆరోగ్యశ్రీ కిందా చేస్తారు కాబట్టి చేతిలో డబ్బు లేదని ఆగే పని కూడా కాదు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా చేస్తే టెక్నీషియన్‌గా వెళ్లొచ్చు. ఫీజు కట్టేముందు కాలేజీకి, ఆ కోర్సుకు తెలంగాణ పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో విడివిడిగా చూసుకో. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్‌ను పెద్ద ఆసుపత్రులు పక్కన పెట్టేస్తాయి.

ఇక మనసులో ఉన్న ఒక్కో పనికీ ఒక తెల్లకాగితం తీసుకుని పన్నెండు గళ్లు గీయి. ఏ నెలలో ఎంత పని ఉంటుందో రాయి. పెళ్లి ఫోటోలు, డెకరేషన్, క్యాటరింగ్ అయితే ఆషాఢం, మూఢం గళ్లు బోసిగా కనిపిస్తాయి. బయటి గోడలకు రంగులేసే పని వానలకు ఆగుతుంది. దసరా, దీపావళి ముందు గోదాముల్లో చేర్చుకున్న వాళ్లలో చాలామందికి పండగ అయ్యాక పిలుపు రాదు. గళ్లు నింపడానికి ముగ్గురిని అడుగు: ఆ పని చేస్తున్నవాడు, మనుషుల్ని పెట్టుకునేవాడు, ఆ పని వదిలేసినవాడు. మూడోవాడి మాటే ఎక్కువ పనికొస్తుంది.

చాలామంది గమనించనిది ఇంకోటుంది. ఒకే విద్యలో సీజన్ పనీ ఉంటుంది, ఏడాది పనీ ఉంటుంది. ఏసీ మెకానిక్‌కు మార్చి నుంచి జూన్ దాకా అన్నం తినే తీరిక ఉండదు, నవంబరు వస్తే ఫోను మోగదు. అదే చల్లదనం విద్యతో కోల్డ్ రూముల వైపు వెళ్తే చలికాలంలోనూ పనే. చాలా వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, డిసెంబరులోనైనా అంతే. జీనోమ్ వ్యాలీ, పాశమైలారం, జీడిమెట్ల ఫార్మా ప్లాంట్లలో క్లీన్ రూములకు (దుమ్ము చేరనివ్వని గదులకు) శుద్ధి చేసిన గాలి పంపే ఏహెచ్‌యూలు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రాలు, పాల డెయిరీలు, డేటా సెంటర్లు, మాంసం దుకాణాల డీప్ ఫ్రీజర్లు... ఇవేవీ ఎండ కోసం ఎదురుచూడవు. ఐటీఐలో ఈ ఏసీ, ఫ్రిజ్‌ల ట్రేడు రెండేళ్లు.

ఇందులో కుర్రాళ్లు ఎక్కడ దెబ్బతింటారంటే, గ్యాస్ నింపడం వస్తే అంతా వచ్చేసిందనుకుంటారు. ఇంటర్వ్యూలో "గ్యాస్ నింపేముందు పైపుల్లో గాలంతా లాగేసి వాక్యూమ్ ఎందుకు చేయాలి?" అని అడిగితే నీళ్లు నములుతారు. పైపుల్లో తేమ మిగిలితే క్యాపిలరీ అనే సన్న గొట్టం దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, నూనెను ఆమ్లంగా మార్చి చివరికి కంప్రెసర్‌ను తినేస్తుంది. ఏసీల్లో నింపే ఆర్-410ఎ మిశ్రమ గ్యాసు కాబట్టి ద్రవరూపంలోనే ఎక్కించాలి. ఆర్-290 అంటే ప్రొపేన్, లీకుంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఈ కారణాలు చెప్పగలిగినవాణ్ణి ప్లాంటువాళ్లు వదులుకోరు. ఐటీఐ అయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ కూడా చెయ్యి. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, బీడీఎల్ లాంటివి మన హైదరాబాద్‌లోనే తీసుకుంటాయి. అక్కడే పర్మనెంట్ చేస్తారని మాత్రం అనుకోకు.

కామర్స్ వైపు మనసుంటే తేదీలున్న పని పట్టుకో. చాలా సంస్థలకు ప్రతి నెలా 7కి టీడీఎస్ (ముందే కోసిన పన్ను) చెల్లింపు, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15కి పీఎఫ్, ఈఎస్ఐ, 20కి జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను). దాటితే వడ్డీయో, ఆలస్య రుసుమో పడుతుంది కాబట్టి యజమానే వెంటపడతాడు. జూలై ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు నమ్ముకుంటే రెండు నెలల పని. ఏటా 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లు జీఎస్టీ రిటర్న్ మూడు నెలలకోసారి వేసుకోవచ్చు, అందుకని క్లయింట్లంతా చిన్న దుకాణాలే ఉన్న ఆఫీసులో చేరేముందు ఆలోచించు. ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు కొట్టడం ఒక్కటే వస్తే జీతం పెరగదు. కొనుగోళ్ల పుస్తకాన్ని జీఎస్టీఆర్-2బితో (సప్లయర్లు ఎక్కించిన బిల్లుల జాబితాతో) సరిచూసి, ఏ సప్లయర్ బిల్లు ఎక్కించలేదో పట్టుకుని, వాడికి ఫోన్ చేసి ఎక్కించేలా చేయడం నేర్చుకో.

ప్రకటనలు చదవడంలోనూ ఒక కిటుకుంది. ఒకే కంపెనీ ఒకే పోస్టుకు నెల నెలా ప్రకటన ఇస్తుంటే దాన్ని డిమాండ్ అనుకోకు. చేరినవాళ్లు నిలవడం లేదన్నమాట. టార్గెట్లు పెట్టే అమ్మకాల ఉద్యోగాల్లో ఇది ఎక్కువ. పది వేర్వేరు సంస్థలు ఒకే పోస్టు అడుగుతున్నాయా, అందులో అనుభవం లేనివాళ్లను ఎన్ని పిలుస్తున్నాయి అన్నది లెక్కపెట్టు. ఈరోజు ప్రకటనలు ఫోన్లో దాచుకుని, మూడు నెలలకోసారి మళ్లీ చూడు. అన్నీ రెండేళ్ల అనుభవం అడుగుతుంటే, ఆ రెండేళ్లు ఎక్కడ సంపాదించాలో తేలాకే కోర్సులో చేరు.

ప్లేస్‌మెంట్ పోస్టర్ చూసి డబ్బు కట్టకు. పోయినేడు బ్యాచ్‌లో నలుగురి నంబర్లు అడుగు. ఇవ్వకపోతే లేచి వచ్చేయ్. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే కంపెనీలు రెండూ వద్దు.

ఒక్క మాట దాచను. ఇలాంటి పనుల్లో రాత్రి షిఫ్టులుంటాయి, పండగ సెలవులు తక్కువ, జీతం మెల్లగా పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో చేరిన నీ స్నేహితుడి మొదటి జీతంతో పోల్చుకుంటే మొదటి మూడేళ్లు నీకు కష్టంగానే ఉంటుంది. ఎక్కడ చేరినా పీఎఫ్ కోసి నీ యూఏఎన్‌లో (నీ పేరున ఉండే పీఎఫ్ నంబరులో) జమ చేస్తున్నారో లేదో రెండో నెలలోనే పాస్‌బుక్ తెరిచి చూసుకో. చేతికి నగదు ఇచ్చే చోట ఎన్నేళ్లు చేసినా తర్వాతి కంపెనీకి చూపడానికి కాగితం ముక్క ఉండదు.

మూడు పనులకు గళ్లు నింపి వచ్చే ఆదివారం పట్టుకురా. అమ్మను కూడా తీసుకురా, ఫీజుల లెక్క ముగ్గురం కూర్చుని వేద్దాం.

మీ మామయ్య