కిలిమంజారో ఎదుట ఐదు రాత్రులు: అప్పు చేసి వెళ్లాలా?

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు రాశారు: ‘వచ్చే మేలో మా పాతికో పెళ్లిరోజు. కెన్యాలోని అంబోసెలి నేషనల్ పార్కులో కిలిమంజారో కనిపించే లగ్జరీ క్యాంపులో ఐదు రాత్రులు ఉండాలని కోరిక. ఇద్దరికీ 11 లక్షలన్నారు, అందులో క్యాంపుకే 7 లక్షలు. చేతిలో 3 లక్షలున్నాయి. నెలకు 30 వేలు మిగులుతాయి. పాప పెళ్లికి దాచిన ఎఫ్‌డీ 10 లక్షలుంది. మిగతాది పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?’

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ లోన్‌తో వద్దు, మేలో అసలే వద్దు.

8 లక్షల లోన్‌కు 13 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 27 వేలు. వడ్డీకే 1.70 లక్షలు పోతాయి. మిగిలే 30 వేలూ దానికే సరిపోతే, ఆ మూడేళ్లలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా చెయ్యి పెట్టేది పాప పెళ్లి డబ్బులోనే.

ఇక మే సంగతి. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. క్యాంపులు రేట్లు తగ్గించేది అందుకే. 5,895 మీటర్ల కొండ రోజుల తరబడి మబ్బుల్లోనే ఉండిపోవచ్చు. మీరు డబ్బు కట్టేదే ఆ కొండ కోసం కదా! జనవరి, ఫిబ్రవరి నెలల్లో వానలు తక్కువ. అప్పుడు కూడా కొండ బాగా కనిపించేది తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. టెంటు ముందు కూర్చుని, మంచు శిఖరం కింద ఏనుగుల గుంపు నడిచిపోవడం చూడటానికి లగ్జరీ క్యాంపులో రెండు రాత్రులు చాలు. మిగతా మూడు మామూలు లాడ్జిలో ఉండండి. జీపులో తిరిగే పార్కు అదే, ఏనుగులూ అవే. నైరోబీ నుంచి చిన్న విమానం మానేసి రోడ్డు మీద వెళ్తే నాలుగైదు గంటలు పడుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. ఇలా వేసుకుంటే మొత్తం 7.2 లక్షల దగ్గర ఆగుతుందని నా అంచనా.

ప్రయాణాన్ని మే తర్వాత వచ్చే జనవరికి జరపండి. ఇంకా 16 నెలలుంది. ఈ నెల నుంచే 30 వేల రికరింగ్ డిపాజిట్ 15 నెలలకు వేయండి. 6.5 శాతం వడ్డీతో సుమారు 4.70 లక్షలవుతుంది. చేతిలో ఉన్నదానితో కలిపి 7.7 లక్షలు. పైన మిగిలే 50 వేలను కదపొద్దు. క్యాంపు బిల్లు డాలర్లలో ఉంటుంది కాబట్టి రూపాయి పడితే అది అక్కరకొస్తుంది. ఈ డబ్బు షేర్లలోనో ఈక్విటీ ఫండ్లలోనో పెట్టొద్దు, గడువు చాలా తక్కువ.

అడ్వాన్స్ కట్టే ముందు ఏజెంటును ఇవి అడగండి: పార్కు ప్రవేశ రుసుము ప్యాకేజీలో ఉందా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుంది, టీసీఎస్ (విదేశీ ప్యాకేజీపై ముందుగానే వసూలు చేసే పన్ను) ఎంత పట్టుకుంటారు. టీసీఎస్ పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఎయిర్ అంబులెన్స్ ఖర్చు కూడా ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.