హెచ్చరిక జీపు మైకులో దేవుడి పేరు

ఫైర్ స్టేషన్ గోడ మీద సంస్కృత వాక్యం, లోపల విశ్వకర్మ పూజ, తుఫాను హెచ్చరికలో దేవుడి పేరు: ప్రభుత్వ శాఖలకు ఇవి తగునా అని కదా మీరడిగింది. ఈ మూడింటినీ నేను ఒకే గాటన కట్టను.

గోడ మీది వాక్యంతో నాకు పేచీ లేదు. వాయుసేన వాళ్ళ నినాదం ‘నభః స్పృశం దీప్తం’ (ఆకాశాన్ని తాకుతూ వెలిగేది) కూడా భగవద్గీత 11వ అధ్యాయంలోదే. వరదలో హెలికాప్టర్ నుంచి అటుకుల పొట్లం పడుతుంటే ఆ మాట ఎక్కడిదని ఎవరడుగుతారు? సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ వస్తే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మెకానిక్ షెడ్డు నుంచి ఫైరింజను దాకా అన్నిటికీ పసుపు కుంకుమే. ప్రసాదం వద్దన్న సిబ్బంది మీద సణగకుండా ఉంటే చాలు.

మైకు సంగతి వేరు. 2018 అక్టోబరు 10 సాయంత్రం, తిత్లీ తుఫాను ముందు రోజు. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి, పందిట్లో అమ్మవారి పాటలు. జీపు వచ్చి పాకల్లో ఉన్నవాళ్ళని బడికి వెళ్ళిపొమ్మని ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో చెప్పింది. చివర్లో మైకు పట్టుకున్నాయన తన సొంత మాట కలిపాడు: ‘భయపడకండి, అంతా ఆ జగన్నాథుడే చూసుకుంటాడు.’

పాటల మధ్య ఆ చివరి ముక్కే వినబడింది కొందరికి. మా వీధి ముసలమ్మని పిలవడానికి వెళ్తే, ‘జగన్నాథుడు చూసుకుంటాడని గవర్నమెంటోళ్ళే చెప్పారు కదరా నాయనా’ అని చాప పరుచుకుంది. బతిమాలి ఆటో ఎక్కించేసరికి రాత్రి పదకొండయింది. తెల్లారేసరికి ఆవిడ పాక మీద కప్పు లేదు. వెనక సందులో కూలికొచ్చిన సవర గిరిజన క్రైస్తవ కుటుంబం ఒకటుంది. వాళ్ళ అనుమానం ఇంకొకటి: ‘ఆ బడి గుడివాళ్ళదా? మమ్మల్ని రానిస్తారా?’ 2011 జనగణన లెక్కల్లో మా గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. వాళ్ళు అలా అడిగారంటే తప్పు పట్టలేం.

మైకులో మాట్లాడినాయన చెడ్డవాడు కాదు. ధైర్యం చెబుదామనుకున్నాడు, మా నాయనమ్మా అలాగే అనేది. కాకపోతే మా నాయనమ్మ సర్కారు జీపులో తిరగలేదు. ప్రమాణ స్వీకారంలో మంత్రికైనా ‘ఈశ్వరుని పేరిట’ అనాలా, ‘సత్యనిష్ఠగా’ అనాలా అని ఎంచుకునే వీలు రాజ్యాంగమే ఇచ్చింది. మైకు వినేవాడికి ఆ వీలేదీ?

2021లో గులాబ్ తుఫానుకి ముందు మేం నలుగురం కలిసి ఏ బడి, ఎన్ని గంటల్లోపు, వెంట ఏం తెచ్చుకోవాలి అని రెండు భాషల్లో కాగితం రాసి, ఇదే చదవండని జీపు వాళ్ళ చేతికిచ్చాం. అదే చదివారు. మీరూ అలా చేయండి. ‘దేవుడి పేరు తీసెయ్యండి’ అని మాత్రం అర్జీ పెట్టకండి. గొడవ మతం మీదికి పోతుంది, బడి పేరు ఎవరికీ గుర్తుండదు.