పెద్దల చరిత్ర రాయబోతున్న అమ్మాయికి పెదనాన్న లేఖ

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

వలస వచ్చిన మనవాళ్ళు కట్టుకున్న ఊరు, ఈ మన క్యాంపు ముఖద్వారం దగ్గర మీ తాతయ్య గారి విగ్రహం పెట్టించాలని, కుటుంబ చరిత్రను పుస్తకంగా అచ్చువేయించాలని నీవు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. నా సలహా అడిగావు కనుక దాచకుండా చెబుతాను. విగ్రహం సంగతి తరవాత చూద్దాం, ముందు పుస్తకం పని మొదలుపెట్టు. విగ్రహం ఏ సంవత్సరమైనా పెట్టించవచ్చు గాని, 1950లలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఇప్పటి కర్ణాటకలోని తుంగభద్ర ఎడమ కాలువ కిందికి తరలి వచ్చిన తరంలో, జరిగినదాన్ని సొంత నోటితో చెప్పగలిగినవారు గంగావతి, సింధనూరు తాలూకాల క్యాంపులన్నీ వెతికినా బహు కొద్దిమందే మిగిలారు. ఇంకొక మాట కూడా మొదటే చెబుతున్నాను. మన పెద్దలు ఎలా బతికారో అలాగే రాయి. వారికి లేని గొప్పలు తగిలిస్తే నీ పిల్లలు తెలుసుకునేది వేరే ఎవరినో అవుతుంది.

మొదట మీ చిన్నాయనమ్మ దగ్గర కూర్చో. కొత్త కోడలిగా వచ్చి ఈ నల్లరేగడిలో తాటాకు పాకలో కాపురం పెట్టిన మనిషి ఆమె. మగవాళ్ళను అడిగితే ఎన్ని ఎకరాలు కొన్నారో, ఏ ధరకు కొన్నారో చెబుతారు. కాలువ నీళ్ళు వడగట్టుకుని తాగిన రోజులు, పాములు, తేళ్ళు, చలిజ్వరాలు, వైద్యుడు అందక పోగొట్టుకున్న పసిబిడ్డలు, పుట్టింటికి ఉత్తరం రాయించుకోవడానికి ఎవరిని బతిమాలారో, ఇవన్నీ ఆడవాళ్ళు మాత్రమే చెప్పగలరు. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళు, ఎందుకంటే నలుగురు బంధువులు చేరితే మధ్యలో సరిదిద్దేవారు ఎక్కువై ఆమె మాట ఆగిపోతుంది. ఫోనులో రికార్డు చేసేముందు ఆమె అనుమతి అడుగు. ఆ రోజు తేదీ, ఆమె పేరు, నీ పేరు నీ గొంతుతో చెప్పి మొదలుపెట్టు. ఫ్యాను ఆపితే మాటలు స్పష్టంగా వస్తాయి.

ఏ సంవత్సరంలో వచ్చారని అడిగితే ఆమె తడబడుతుంది. బెజవాడ ఆనకట్ట తెగిన ఏడు దాటాక వచ్చారా అని అడుగు, అది 1952. గోదావరి జిల్లాల వారైతే పెద్ద వరద వచ్చిన 1953 గుర్తుంటుంది. ఆ 1953 జూలైలోనే తుంగభద్ర కాలువలకు తొలిసారి నీళ్ళు వదిలారు కనుక, మీరు వచ్చేసరికి కాలువలో నీళ్ళు పారుతున్నాయా, తవ్వకం ఇంకా సాగుతున్నదా అన్న ప్రశ్న ఒక్కటే చాలా చిక్కులు విప్పుతుంది. పాత జాతకాలలో తెలుగు సంవత్సరాల పేర్లే ఉంటాయి. విజయ నామ సంవత్సరం అంటే 1953 ఉగాది నుంచి 1954 ఉగాది వరకు అని లెక్క కట్టుకో. అయితే అదే పేరు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తుంది కాబట్టి, మనిషి వయసుతో సరిచూసుకోకుండా తేదీ ఖాయం చేయవద్దు.

వంశవృక్షం గీసేటప్పుడు మన ఆచారం వల్లనే ఏర్పడిన ఒక లోటును గమనించు. తర్పణాలలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల వరకే పేర్లు చెబుతాము. అంతకు పై పేర్లు, ఎవరైనా కాగితం మీద పెడితే తప్ప, క్రమంగా జారిపోతాయి. ఆడవారి విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు పలుకుతాము గాని, వారు ఏ ఊరి నుంచి వచ్చారో, పుట్టింటి ఇంటిపేరు ఏమిటో ఎక్కడా రాయము. నీవు తయారుచేసే వృక్షంలో ప్రతి కోడలికీ పుట్టినూరు, పుట్టింటి ఇంటిపేరు తప్పనిసరిగా చేర్చు. చిన్నతనంలో పోయిన పిల్లలను, సంతానం లేనివారిని, ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళినవారిని వదిలిపెట్టవద్దు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు మన ఇంట్లో అందరి పేర్లూ పైకి చదివే అలవాటు నీ తరం నుంచి మొదలైతే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

కాగితాల విషయంలో నీకు కొంత ఓపిక కావాలి. మన గంగావతి, సింధనూరు ప్రాంతం 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేది; నదికి ఆవల బళ్ళారి వైపు మద్రాసు రాష్ట్రంలో ఉండి, 1953 అక్టోబరులో మైసూరులో కలిసింది. అందుచేత మన తొలి దస్తావేజులలో, పహాణీలనే భూమి లెక్కల కాగితాలలో ఉర్దూ కనిపిస్తుంది, తరవాతివి కన్నడంలో ఉంటాయి, డెల్టాలో అమ్మిన పొలాల కాగితాలు తెలుగులోను ఇంగ్లీషులోను ఉంటాయి. ఒకే కుటుంబం కథ ఇన్ని లిపులలో చెదిరి ఉన్నది కనుక, పాత ఉర్దూ దస్తూరీ చదవగల పెద్దమనిషిని రాయచూరులోనో హైదరాబాదులోనో వెతికి, కాగితం ఆయన ముందు పెట్టి అక్షరం అక్షరం చదివించుకో. కాగితం మీద రెవెన్యూ లెక్కలలో వాడిన ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలుపు; ఫసలీ 1364 అంటే 1954-55. మీ తాతయ్య గారి పేరు మీద ఎప్పుడెప్పుడు రిజిస్ట్రీలు జరిగాయో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రీల వివరాల పత్రం) కోసం దరఖాస్తు చేస్తే చాలావరకు తేలుతుంది. అమ్మినవారి పేర్లు కూడా అందులోనే దొరుకుతాయి. ఆ పేర్లు ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

అసలు కాగితం ఎవరికీ అరువు ఇవ్వకు. బంధువుల దగ్గర ఉన్నది కూడా వారి ఇంట్లోనే, వారి ఎదుటే స్కాన్ చేసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయి. అప్పుడే రెండోసారి అడిగినా ఇస్తారు. పాత కాగితాలకు లామినేషన్ చేయించవద్దు, చిరిగినచోట సెల్లోటేపు అంటించవద్దు. రెండూ కొన్నేళ్ళకు కాగితాన్ని తినేస్తాయి. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, చెమ్మ తగలని బీరువాలో పెట్టు. ఫోటోల వెనుక మెత్తటి పెన్సిలుతో, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ ఊరో రాయి. పెన్నుతో రాస్తే సిరా బొమ్మ వైపు దిగుతుంది. స్కాన్ చేసినవాటిని కనీసం మూడు చోట్ల ఉంచు, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి.

మన పాత ఊరికి కూడా ఒకసారి వెళ్ళిరా. కరణం, మునసబు ఉద్యోగాలు 1984లో రద్దయ్యాక ఊరి లెక్కలు ప్రభుత్వ కార్యాలయాలకు చేరాయి గాని, కొన్ని కరణాల ఇళ్ళలో సొంత పుస్తకాలు ఇంకా ఉన్నాయి. గుడి దగ్గర దాతల పేర్లు చెక్కిన రాళ్ళుంటే ఫోటో తీసుకో. కాశీకో గయకో వెళ్ళిన బంధువులుంటే అక్కడి పండాల (యాత్రికుల పురోహితుల) పేర్లు కనుక్కో, వారి పుస్తకాలలో యాత్రికుల తండ్రితాతల పేర్లు ఊళ్ళవారీగా దొరకవచ్చు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. మన వాళ్ళు వచ్చి అడవిని పొలం చేశారని పెళ్ళిళ్ళలో, సభల్లో అందరూ అంటారు. ఇది అడవి కాదమ్మా. ఇక్కడి రైతులు తరతరాలుగా జొన్న, పత్తి పండించుకుంటున్న నేల ఇది. డెల్టాలో ఒక ఎకరం అమ్మిన డబ్బుతో మన వాళ్ళు ఇక్కడ అనేక ఎకరాలు కొనగలిగారంటే, ఆ ధరకు అమ్మినవారు కూడా ఉన్నారు. మెట్టను చదును చేసి మడులు కట్టే పెట్టుబడి లేక, దమ్ము సేద్యం అలవాటు లేక, అప్పులు తీర్చుకోవడానికి అమ్ముకున్న కన్నడ కుటుంబాలవి. వారి మనుమలు పక్క ఊళ్ళలో ఉన్నారు. దస్తావేజుల్లోని పేర్లు పట్టుకుని వారి దగ్గరకు వెళ్ళు, మర్యాదగా అడుగు, వారు చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో పెట్టు. అలాగే మన వాళ్ళ వెంట డెల్టా నుంచి వచ్చిన కూలి కుటుంబాలున్నాయి. గట్లు వేసింది, బోదెలు తవ్వింది, మోకాలి లోతు బురదలో నాట్లు వేసింది వారూ, ఇక్కడి కూలీలూ. పేర్లు తెలిసినంతవరకు ఒక్కరినీ విడవకుండా రాయి.

నీటి సంగతి కూడా దాటవేయవద్దు. ఈ కాలువను తక్కువ నీటితో ఎక్కువ విస్తీర్ణంలో ఆరుతడి పంటలకు ఆసరా ఇవ్వడం కోసం రూపొందించారు. ఎగువన మనం వరి వేయడంతో కారటగి, గంగావతి బియ్యం మిల్లులతో కళకళలాడాయి. దిగువన మాన్వి, రాయచూరు వైపు చివరి తూముల రైతులు నీటికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. మీ తాతయ్య గారు నిజంగా కష్టజీవి, అప్పిచ్చి వడ్డీ అడగని మనిషి. ఆయనను నేను ప్రాణంగా ప్రేమించాను. ఈ రెండు వాస్తవాలూ ఒకే పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఆయన గౌరవానికి లోటు రాదని నా నమ్మకం.

బతికున్నవారి కోర్టు తగాదాలు, కాపురాల కష్టాలు వారి అనుమతి లేకుండా అచ్చులోకి రానివ్వకు. కులం గొప్పలు అసలు వద్దు.

విగ్రహానికి అనుకున్న డబ్బుతో, తొలి పదేళ్ళలో వచ్చిన కుటుంబాలన్నిటి పేర్లు, వారి వెంట వచ్చిన కూలి కుటుంబాల పేర్లతో సహా, ఒక రాతి పలక మీద చెక్కించి బడి ఆవరణలో పెట్టిస్తే బాగుంటుందని నా ఆలోచన. మీ నాన్నతో, బాబాయిలతో మాట్లాడి నిర్ణయించుకో. పలక మీదా పుస్తకంలోనూ తెలుగుతో పాటు కన్నడం ఉండాలి. ఇక్కడి మన పిల్లలు బడిలో చదివేది కన్నడమే, మనకు భూమి అమ్మినవారి మనుమలు చదవగలిగేదీ అదే.

సంక్రాంతికి నాలుగు రోజులు ముందుగానే రా. మీ చిన్నాయనమ్మ ఉదయం పూట బాగా మాట్లాడుతుంది, మధ్యాహ్నానికి అలసిపోతుంది. ఇనుప పెట్టెలోని దస్తావేజులన్నీ నేను సంవత్సరాల వరుసలో సర్ది ఉంచుతాను. స్కానరు, మెత్తటి పెన్సిళ్ళు నీవు తీసుకురా, ఇక్కడ దొరకవు.

ఇట్లు,
మీ పెదనాన్న