ఆర్ట్ మ్యూజియంలో ఎకనామిక్స్ క్లాసు: షికారు కాకుండా పాఠంగా ఎలా నడపాలి?

మీరు అడిగింది ఇది: యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెబుతున్నారు, క్యాంపస్‌లోనే ఆర్ట్ మ్యూజియం ఉంది, దాన్ని కోర్సులో వాడుకోమని పైనుంచి చెబుతున్నారు. మీకేమో ఆర్ట్ గురించి తెలియదు. పిల్లలు దాన్ని షికారు అనుకుంటారేమోనని టెన్షన్. నేను కెమిస్ట్రీ చెబుతాను. నేనూ ఆర్ట్ చదువుకున్నవాణ్ణి కాదు. అయినా చాలా ఏళ్లుగా మ్యూజియంలో క్లాసులు పెడుతున్నాను, వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లతో కలిసి కూడా చెప్పాను. మీకు ఆర్ట్ తెలియకపోవడం అడ్డంకి కానే కాదు. మీ సబ్జెక్టు మీకు బాగా తెలిస్తే చాలు.

పాఠానికి అలంకారంగా మాత్రం బొమ్మలు వాడకండి. "ఆ కాలంలో వ్యాపారం ఇలా ఉండేది" అని ఒక చిత్రం చూపించి ముందుకు వెళ్లిపోతే ఆ పని స్లైడుతోనూ అవుతుంది, దానికి మ్యూజియం దాకా పోనక్కర్లేదు. బొమ్మలో సాక్ష్యం వెతికించాలి. మీ సబ్జెక్టులోంచి ఒక ప్రశ్న వేయాలి, జవాబులో కొంత భాగమైనా ఆ వస్తువు మీద కంటికి కనిపించాలి. అలా కనిపించని ప్రశ్న ఎంత గొప్పదైనా ఆ రోజుకు పక్కన పెట్టేయండి.

నేను ఎక్కువగా వాడేది హొకుసాయ్ అనే చిత్రకారుడు వేసిన 'గ్రేట్ వేవ్', అంటే పెద్ద అల. 1831 ప్రాంతంలో జపాన్‌లో చెక్క దిమ్మలతో అచ్చు వేసిన బొమ్మ. అచ్చు కాబట్టి ఒక్కటే ఉండదు, ఇప్పటికీ వందకు పైగా ప్రతులు మిగిలాయి, చాలా మ్యూజియాల్లో ఉంటుంది. పిల్లలు దీన్ని ఫోన్ కవర్ల మీదా టీ షర్టుల మీదా చూసే ఉంటారు. కానీ స్టడీ రూమ్‌లో పెట్టె తెరిచి బల్ల మీద పెట్టగానే ముందు వాళ్లను ఆశ్చర్యపరిచేది దాని సైజు. పొడవు ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు కూడా దాటదు. తెలియకుండానే అందరూ ముందుకు వంగుతారు. అప్పుడు పడవలు కనిపిస్తాయి. మూడు పడవలు, వాటిని కరుచుకుని కూర్చున్న మనుషులు. ఫోన్‌లో చూసినప్పుడు వాళ్ల కళ్లు అలను దాటి వెళ్లలేదు.

నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో ఎన్ని నీలాలున్నాయి? కాసేపు గొడవ పడతారు. ఒకరు రెండంటారు, ఒకరు నాలుగంటారు. గీతల నీలం వేరు, అల లోపలి నీలం వేరు అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. అప్పుడు చెబుతాను, ల్యాబ్ పరీక్షల్లో ఇందులో రెండు నీలి రంగులు దొరికాయని: పాతకాలపు నీలిమందు, కొత్తగా వచ్చిన ప్రష్యన్ బ్లూ. ఈ రెండోది 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో అనుకోకుండా పుట్టింది. ఎర్ర రంగు తయారు చేయబోతే, వాడిన పొటాష్‌లో కల్తీ ఉండి నీలం వచ్చింది. అందులో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి ఎలక్ట్రాన్ దూకేటప్పుడు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, మనకు నీలం కనిపిస్తుంది. బోర్డు మీద ఇదే సంగతి చెబితే సగం మంది నోట్స్‌లో రాసుకుని మర్చిపోతారు. నీలాల కోసం కొట్లాడుకున్నాక చెబితే ఆ ఎలక్ట్రాన్ ఎందుకు దూకుతుందో వాళ్లే అడుగుతారు.

ఇదే బొమ్మను ఫార్మసీ వాళ్లతో కలిసి చెప్పినప్పుడు పాఠం పూర్తిగా వేరే దారి పట్టింది. థాలియం అనే లోహం వల్ల ఎక్కే విషానికి, ఒంట్లోకి చేరిన రేడియోధార్మిక సీజియంకి ప్రష్యన్ బ్లూయే మందు. బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో సీజియం ప్రమాదం జరిగినప్పుడు బాధితులకు ఇదే ఇచ్చారు. అదెలా పనిచేస్తుందో వివరించడానికి మళ్లీ అదే అణు నిర్మాణం దగ్గరికి రావాలి.

ఇక మీ సబ్జెక్టుకు వస్తాను. నన్నడిగితే ఈ బొమ్మ మీకే ఎక్కువ పనికొస్తుంది. యూరప్‌లో పుట్టిన రంగు జపాన్‌కి ఎలా చేరింది? అప్పట్లో నాగసాకి రేవులో డచ్చివాళ్లకు, చైనా వర్తకులకు మాత్రమే వ్యాపారం చేసే వీలుండేది. చైనాలో తయారైన చవక రకం అక్కడికి రావడం మొదలయ్యాక ధర పడింది. అంతకుముందు పొదుపుగా వాడిన నీలాన్ని అప్పుడు ఇలా సముద్రమంతా పరిచారు. ధర పడితే కళ ఎలా మారుతుందో కాగితం మీద కనిపిస్తుంది. పైగా ఇది ఒక్క మనిషి చేసిన పని కాదు. గీసింది హొకుసాయ్, దిమ్మ చెక్కినవాడు వేరు, అచ్చు వేసినవాడు వేరు, పెట్టుబడి పెట్టింది నిషిమురయా యొహాచి అనే పబ్లిషర్. నష్టమొస్తే ఎవరిది? ఈ బొమ్మ ఒక వరసలోది, ముప్ఫై ఆరు బొమ్మలుగా మొదలుపెట్టిన ఆ వరస బాగా అమ్ముడుపోయి నలభై ఆరుకు పెరిగింది. డిమాండ్ గురించి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు. మీ డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్లుంటే, దిమ్మ అరిగేకొద్దీ గీతలు ఎక్కడెక్కడ విరిగాయో చూసి ప్రతుల్ని ముందు వెనకల వరసలో పెట్టమని పిల్లలకు ఇవ్వొచ్చు.

మీ మ్యూజియంలో సరిపోయేది లేకపోతే కంగారు పడకండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000కు పైగా ఫొటోలను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇచ్చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అంతకుముందే ఆ పని చేసింది. స్క్రీన్ మీద పెద్దది చేసుకుని చూడటంలో ఒక లాభం ఉంది, పోయేదల్లా సైజు. అందుకే కొలతలు చెప్పి, అంత కాగితం కత్తిరించి గోడకు అంటించి మరీ చూపిస్తాను.

అలా చూడటానికి మీకు పనికొచ్చే చిత్రం ఒకటుంది. క్వెంటిన్ మాట్సిస్ 1514లో వేసిన వడ్డీ వ్యాపారి, అతని భార్య. అసలుది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. భర్త త్రాసులో నాణేలు తూస్తుంటాడు. భార్య చేతిలో ప్రార్థన పుస్తకం, అందులో మేరీమాత బొమ్మ ఉన్న పేజీ. చెయ్యి పేజీ మీద, చూపు నాణేల మీద. ముందు బల్ల మీద చిన్న అద్దం, అందులో కిటికీ, ఒక మనిషి. నాణేలను లెక్కపెట్టకుండా ఎందుకు తూస్తున్నాడని అడగండి. లోహం బరువు, అంచులు గీకేసిన నాణేలు, రకరకాల రాజ్యాల డబ్బు, మారకం, నమ్మకం అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోంచి బయటికొస్తాయి.

చూడటానికి టైమివ్వండి. అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. గంటలో పది బొమ్మలు తిప్పి చూపిస్తే అది నిజంగానే షికారు అవుతుంది. గంటకు ఒకటి, మహా అయితే రెండు. హార్వర్డ్‌లో కళా చరిత్ర చెప్పే జెనిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థుల చేత ఒకే చిత్రాన్ని మూడు గంటలు చూయిస్తారు. అంత అక్కర్లేదు గానీ మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, ఫోన్ తీయకుండా, పక్కనున్న వివరాల చీటీ చదవకుండా చూడాలి. చీటీని కప్పేయమని మ్యూజియం వాళ్లను ముందే అడగండి, చీటీ కనిపిస్తే చాలు కళ్లు దాని మీదికే పోతాయి. ఆ తర్వాత మీ చేతిలో ఉండాల్సిన ప్రశ్న: "ఏం చూసి అలా అంటున్నావు?" మాట్లాడిన ప్రతి ఒక్కరినీ ఇదే అడగాలి. బొమ్మలు చూస్తూ ఆలోచించడం నేర్పడానికి హౌసెన్, యెనవైన్ తయారుచేసిన విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ పద్ధతికి ఇదే గుండెకాయ. మొదట్లో పిల్లలకు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత ఒకరినొకరు అదే అడుక్కుంటారు.

డాక్టర్లకు కూడా ఇది పనిచేసిందని మీ డీన్‌కి చెప్పొచ్చు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో చర్మవ్యాధుల ప్రొఫెసర్ బ్రేవర్‌మన్, మ్యూజియంలో పనిచేసే ఫ్రీడ్‌లాండర్ కలిసి మెడికల్ విద్యార్థుల చేత పాత చిత్రాలను చూయించి వివరంగా వర్ణింపజేశారు. అలా చేసినవాళ్లు రోగుల ఫొటోల్లోనూ మిగతావాళ్లకన్నా ఎక్కువ గమనించారని 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వేశారు. ముందుగా జబ్బు పేరు చెప్పేయకుండా కనిపించింది చెప్పడం అక్కడి అసలు శిక్షణ. డేటా చూడకముందే థియరీ పేరు చెప్పే ఎకనామిక్స్ విద్యార్థులకూ అది కావాలి.

ఏర్పాట్ల సంగతి. రెండు మూడు నెలల ముందే మ్యూజియం వాళ్లతో మాట్లాడండి, సెమిస్టర్ మొదలయ్యాక అడిగితే దొరకదు. గోడ మీద ఉన్నదే అంతా అనుకోవద్దు, సేకరణలో ఎక్కువ భాగం స్టోర్‌లోనే ఉంటుంది, అడిగితే స్టడీ రూమ్‌లోకి తెస్తారు. కాగితం మీది బొమ్మలు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి అక్కడ వెలుతురు తక్కువగా ఉంటుంది, పెన్నులు ఒప్పుకోరు, పెన్సిలే. బ్యాగులు బయట పెట్టాలి. ఒక్కసారికి పన్నెండు మందికి మించి ఉంటే వెనకవాళ్లకు ఏమీ కనిపించదు, క్లాసును విడగొట్టండి. ఈ నియమాలు ఎందుకో పిల్లలకు ముందే చెబితే జాగ్రత్తగా ఉంటారు, గౌరవంగా కూడా ఉంటారు.

మార్కులు తప్పకుండా పెట్టండి. మార్కులు లేకపోతే సిలబస్‌కి బయటి విషయం అనుకుంటారు. నేనిచ్చేది రెండు పేజీల పని: మొదటి పేజీలో కంటికి కనిపించింది మాత్రమే, రెండో పేజీలో దాన్నిబట్టి ఏం చెప్పగలరు, ఏం చెప్పలేరు. నేను ఎక్కువ మార్కులు వేసేది "చెప్పలేరు" అన్న భాగానికే. ఈ బొమ్మ పెద్ద సిటీ వ్యాపారిదే తప్ప ఊరందరి బతుకూ కాదు అని ఒక విద్యార్థి రాస్తే, శాంపిల్ గురించి ఇక నేను వేరే పాఠం చెప్పక్కర్లేదు.

మ్యూజియం వాళ్లకు రాసే మొదటి మెయిల్‌లో "మీ దగ్గర ఏమున్నాయి?" అని అడగొద్దు, వేల వస్తువుల్లోంచి మీకు కావాల్సింది వాళ్లు ఊహించలేరు. "డబ్బు మీద నమ్మకం ఎలా కుదురుతుంది అన్న పాఠం చెబుతున్నాను, ఇంతమంది పిల్లలు, ఇన్ని నిమిషాలు, దీన్ని కంటితో చూపించగలిగేవి మీ దగ్గర ఏవైనా ఉన్నాయా?" అని రాయండి. నాకు దొరికిన మంచి వస్తువుల్లో చాలావరకు ఇలా రాసినప్పుడు క్యూరేటర్లు స్టోర్‌లోంచి వెతికి పెట్టినవే.