జోహార్ అంటే ఉలిక్కిపడకు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నీకు జార్ఖండ్‌లో చాయిబాసా బ్యాంకు బ్రాంచిలో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పగానే నాకు సంతోషం, మీ అమ్మకు టెన్షన్. భాష రాని చోట ఆడపిల్ల ఒక్కతే ఎలా నెట్టుకొస్తుందని ఆవిడ బెంగ. జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళకు కొదవ లేదు, అక్కడినుంచి చాయిబాసా మహా అయితే రెండు గంటల దారి, ముప్పై మూడేళ్ళు ఆ నీళ్ళు తాగి వచ్చినవాణ్ణి నేను చెబుతున్నాను కదా అని నచ్చజెప్పాను. ఆవకాయ, దుప్పట్ల సంగతి ఆవిడ చూసుకుంటుంది. నేను నీకు ఒక్క మాట చెప్పి పంపుదామని ఈ ఉత్తరం రాస్తున్నా. నిజంగానే ఒక్కటే మాట. జోహార్.

డ్యూటీలో చేరిన మొదటి రోజే ఏ ముసలాయనో పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి, నీ ముఖం చూసి, రెండు చేతులూ జోడించి "జోహార్" అంటాడు. నీ గుండె గతుక్కుమంటుంది. నాకూ అలాగే అయింది. 1981లో ఫ్యాక్టరీలో చేరిన రోజు నన్ను ఒక సంతాలీ ఆదివాసీ మేస్త్రీకి అప్పగించారు. నెరిసిన మీసాలు, తలకు గుడ్డ. ఆయన నన్ను చూసి జోహార్ అనగానే వెనక్కి తిరిగి చూశాను, ఎవరి ఫొటోకైనా దండ వేశారేమోనని! ఉద్దానంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట ఇంకెక్కడ వినబడింది గనక? ఎర్రజెండా స్తూపాల దగ్గర, పిడికిళ్ళు పైకి లేచినప్పుడే.

మన దగ్గర నాయకుడు బతికున్నన్నాళ్ళూ జిందాబాద్, కన్నుమూసిన రోజునుంచి జోహార్. అదే గొంతులు, అదే జెండా, మాట ఒక్కటే మారుతుంది. 'జోహార్ ఎన్టీఆర్' అని గోడమీద చూస్తే ఆయన లేడని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. పేపర్లో మాత్రం 'ఆ తల్లి పట్టుదలకు జోహార్లు' అని బతికున్నవాళ్ళ గురించీ రాస్తారు. కానీ ఎదురుపడిన మనిషిని ఆ మాటతో పలకరించే ధైర్యం మనలో ఎవరికీ లేదు. నిఘంటువు తీసి చూడు, జోహారు అంటే నమస్కారం అనే ఉంటుంది, చావు ఊసే ఉండదు. రాజుల నాటకాల్లో భటుడు వంగి "జోహారు మహాప్రభో" అనేది బతికున్న రాజుతోనే కదా. తులసీదాసు రామాయణంలోనూ చిత్రకూటంలో కోలులు, కిరాతులు రాముడి ముందు కానుకలు పెట్టి జోహారు చేస్తారు. తెచ్చింది ముందు పెట్టి దండం పెట్టడమన్నమాట. మాట పాతదే. మనం దాన్ని స్తూపాల దగ్గర వదిలేసి వచ్చాం, అక్కడి ఆదివాసులు ఇంట్లోనే ఉంచుకున్నారు.

సంతాలీలు, ముండాలు, హోలు, ఉరావులు ఎవరి భాష వాళ్ళదే అయినా పలకరింపు మాత్రం ఇదే. ఛత్తీస్‌గఢ్ వైపు వెళితే జై జోహార్ అంటారు. ప్రకృతికి పెట్టే నమస్కారమే జోహార్ అని వివరించేవాళ్ళూ ఉన్నారు. 2023లో జార్ఖండ్ ప్రభుత్వం అధికారిక కార్యక్రమాల్లో అతిథులను జోహార్ అనే పలకరించాలని, పూలగుత్తుల బదులు మొక్కో పుస్తకమో ఇవ్వాలని ఉత్తర్వు కూడా వేసింది. కాబట్టి అది ఇప్పుడు ఆఫీసు మాట కూడా. నువ్వు మొహమాటపడక్కర్లేదు.

మరి ఎలా అనాలి? ముందు నువ్వే అను. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కుర్చీలో ఉన్నది నువ్వు గనక ఎదుటివాళ్ళే ముందు దండం పెట్టాలని మన ఆఫీసుల్లో ఒక రోగం ఉంది, దాన్ని ఇక్కడే వదిలేసి రైలెక్కు. సంతలో ఆకుకూరలు అమ్ముకుని చెప్పులు లేకుండా వచ్చిన ముసలమ్మకు కూడా, చేతిలో పెన్ను కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, కౌంటర్ అద్దం పైనుంచి కనబడేలా జోహార్ అను. కంప్యూటర్ వైపు చూస్తూ విసిరేసే జోహార్ కన్నా అసలు అనకపోవడం మేలు. పలకడం కూడా సరిగ్గా పలుకు. జోహారు కాదు, జోహార్లు అంతకన్నా కాదు. వాళ్ళు వంగినట్టు వంగబోకు. ఎవరు ఎవరికి ఎంత వంగాలి, పెద్దవాళ్ళు దాన్ని ఎలా అందుకోవాలి అన్నది సంతాలీల్లో చుట్టరికాన్ని బట్టి ఉంటుంది. మధ్యలో మనం దూరి నటిస్తే నవ్వులాటగా ఉంటుంది. చేతులు జోడిస్తే చాలు.

ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఇంకాస్త జాగ్రత్త. లోన్ల వెరిఫికేషన్ అని పల్లెలకు పంపుతారు నిన్ను. సంతాలీ ఇంటికి వెళితే ముందు మంచం వాలుస్తారు. ఆ ఇంటావిడ చెంబు నిండా నీళ్ళు తెచ్చి నీ ముందు పెట్టి, అప్పుడు జోహార్ చేస్తుంది. ఆ చెంబు వచ్చేదాకా పని మాట ఎత్తకూడదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మే నెల ఎండ, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. చెంబు పెట్టీ పెట్టగానే ఎత్తి గటగటా తాగేశాను. ఆవిడ ఏమీ అనలేదు, లోపలికెళ్ళి ఇంకో చెంబు తెచ్చి పెట్టింది. పిల్లలు మాత్రం గుంజ చాటున నోళ్ళు మూసుకుని ఒకటే నవ్వు. ఆ నీళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికట! మా అమ్మ కూడా ఊరినుంచి వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే చెంబు అందించేది. అది మరిచిపోయి ఇంజనీరునని వెళ్ళాను చూడు.

అక్కడ అందరూ జోహార్ అనరు, అదీ గుర్తుంచుకో. బజారులో దుకాణాలవాళ్ళు బీహారీలో, మార్వాడీలో, బెంగాలీలో, ఒడియావాళ్ళో అయి ఉంటారు. వాళ్ళకు నమస్తే, ప్రణామ్ చాలు. ఆదివాసీ క్రైస్తవుల్లో జై యేసు అనేవాళ్ళు ఉంటారు. మనిషిని చూసి, వాళ్ళు ఏమంటే అదే తిరిగి అను. కొత్తగా వెళ్ళినవాళ్ళు కొందరు స్థానికులమైపోయామని చూపించుకోవడానికి టీ కొట్టువాడికీ ఆటోవాడికీ వెటకారంగా జోహార్లు పంచుతుంటారు. ఆ గుంపులో చేరకు.

చాయిబాసా చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువమంది హోలు. నేను మెలిగింది సంతాలీలతో. అందుకని చెంబు విషయం హోల ఇళ్ళలోనూ అచ్చం ఇలాగే ఉంటుందనుకోకు, మీ బ్రాంచిలో హో అటెండరో క్లర్కో ఉంటే మొహమాటం లేకుండా అడుగు.

జూన్ 30న సెలవు పెట్టుకుని ఊరొస్తానంటే రానివ్వను. 1855లో అదే రోజున భోగ్‌నాడీలో సిద్ధూ, కాన్హూ అనే అన్నదమ్ములు వేల మంది సంతాలీలను కూడగట్టి తిరుగుబాటు మొదలుపెట్టారు. ఆ తిరుగుబాటు పేరే హుల్. ఆ రోజు ఎక్కడ చూసినా 'హుల్ జోహార్' అని వినిపిస్తుంది. మనవాళ్ళు అమరవీరులకు చెప్పే జోహార్ లాంటిదే అది. ఇంతకీ వాళ్ళు తిరగబడింది కంపెనీవాళ్ళ మీదే కాదు, వడ్డీలు గుంజిన మహాజనుల మీద కూడా. నువ్వు వెళ్తున్నది అప్పులిచ్చే ఉద్యోగానికి. అర్థమైందనుకుంటాను.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఈ మాటను ఒడిశాలో ఖుర్దా దాటేలోగా సంచిలో పెట్టేసుకో. ఎందుకంటావా? 1986లో మీ పెద్దత్త పెళ్ళికి మా మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాను. దాదా అనేవాళ్ళం ఆయన్ని. అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ ముందు వంగి ఎంతో గౌరవంగా "జోహార్ మా" అన్నాడు. ఆవిడ పొగచుట్ట పక్కన పెట్టి, "ఓరి బాబో, నానింకా బతికే ఉన్నానురా! బతికున్నదానికి జోహారేటి?" అని ఒకటే గోల. పందిట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. దాదాకు సంగతి చెబితే ఆయనా నవ్వాడు గానీ, మాట మాత్రం మార్చుకోలేదు. ఉన్న నాలుగు రోజులూ పొద్దున్నే వచ్చి జోహార్ మా అనడం, ఆవిడ చేతికర్ర ఎత్తడం. 1993లో ఆవిడ పోయాక నేను ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తే, ఆయన ఎవరిచేతో హిందీలో రాయించిన ఇన్‌ల్యాండ్ కవరు వచ్చింది. లోపల నాలుగు ముక్కలు. మొదటిది 'జోహార్ మా'. ఆ ఒక్కసారికీ మన భాషలోనూ, వాళ్ళ భాషలోనూ సరిపోయింది.

దాదా కొడుకు జంషెడ్‌పూర్ పక్కన పల్లెలో ఉంటున్నాడు. నంబరు నీ ఫోన్‌కు పంపుతాను. రెండో శనివారం తీరిక చేసుకుని వెళ్ళిరా. మీ నాన్నచేత పలాస జీడిపప్పు అరకిలో పంపిస్తున్నాను, వాళ్ళకివ్వు. గుమ్మంలోనే ఇచ్చేసేవు, చెంబు వచ్చేదాకా ఆగు.

ఇట్లు,
మీ పెదనాన్న