ఉత్తరంతో లేచే నిద్ర కాదది

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ చోటు బాగుంది. చిరాకు ఆ తర్వాత మొదలైంది. ప్రేమ బెడిసికొట్టిన పదహారేళ్ల కుర్రాడు పదిరోజులు పడుకుంటాడు, ఆ పిల్ల ఉత్తరం రాగానే లేచి కూర్చుంటాడు. దానికి క్లైన్-లెవిన్ సిండ్రోమ్ అని పేరొకటి, రోజులతరబడి సాగే అతినిద్ర దాడులు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు పేరు. పేరు పెట్టావు గనక ఇక జబ్బు మాట వినాల్సిందే.

ఒత్తిడి ఈ జబ్బును రేపుతుంది, పుట్టించదు. జ్వరం, జాగారం, మద్యం కూడా అంతే. చాలామందిలో తొలి దాడికి ముందు కనిపించేది ఫ్లూ లాంటి జ్వరమే. ప్రతి రోగానికీ మనసులో గాయం వెతకమనే సంపాదకులు ఇది నీకు నేర్పి ఉంటారు. వాళ్లకు మెదడులోని థాలమస్ కన్నా కన్నీళ్లు సులువు! దాడి సమయంలో స్కాన్ తీస్తే మెలకువను నడిపే థాలమస్‌కూ, నిద్రనూ ఆకలినీ కామాన్నీ చూసుకునే హైపోథాలమస్‌కూ రక్తప్రసరణ తగ్గినట్టు చాలామందిలో కనిపిస్తుంది. అలాగని మనసును పక్కకు నెట్టలేం. 2021లో దీనితో ముడిపడ్డట్టు తేలిన ట్రాంక్1 జన్యువుకు బైపోలార్ అనే మానసిక జబ్బుతోనూ సంబంధముంది.

రోజుకు పదిహేను, ఇరవై గంటలు నిద్రపోతాడు సరే, మిగతా గంటల సంగతేమిటి? కథ అక్కడుంది. బాత్రూంకి తనే వెళ్తాడు. లేపితే విసుక్కుంటాడు. ముక్తసరిగా, చిన్నపిల్లాడిలా మాట్లాడతాడు. చుట్టూ ఉన్నదంతా కలలా తోస్తుంది, చెయ్యి తన చెయ్యేనా అని చూసుకుంటాడు. దాదాపు ప్రతి రోగికీ ఉండే ఈ లక్షణం నీ కథలో ఒక్క వాక్యంలోనూ లేదు. తిండి మాత్రం కుండలకొద్దీ తినిపించావు. అతిగా తినడం అందరిలోనూ ఉండదు, కొందరు ముద్ద కూడా ముట్టరు.

నీ కథలో డాక్టరిచ్చిన మెలకువ మాత్ర కళ్లు తెరిపించగలదేమో, ఆ మసకను తొలగించదు. దాడులు తరచుగా వస్తుంటే లిథియం అనే మందు ఇచ్చి చూస్తారు, కొందరిలో అవి తగ్గుతాయి. నీ కథలో దాడి ఒక్కటే. మళ్లీ మళ్లీ రాకుండా ఈ పేరు పెట్టరు. మధ్య నెలల్లో కుర్రాడు మామూలుగా చదువుకుంటాడు, ఆడుకుంటాడు.

పేరు మార్చాలా అని అడిగావు, అది తర్వాత. ముందు ఉత్తరాన్ని చింపెయ్. పదకొండోరోజు రాత్రి వాడికి నిద్రే పట్టనివ్వకు. దాడి ముగిసేటప్పుడు కొందరికి అలాగే అవుతుంది. తెల్లవార్లూ ఉత్సాహంగా, ఆపకుండా మాట్లాడనీ. ఆ తల్లి ఇన్నిరోజుల్లోనూ పడనంత భయం ఆ రాత్రి పడుతుంది. అక్కణ్నుంచి రాసి పంపు.